ఆసుపత్రిలో మనవాళ్ళ పక్కన ఉన్నప్పుడు మీరు గమనించినవి చెప్తారా?

పూతలపట్టు_అమ్మాయి
అందరికీ నమస్తే. మా నాయన బాత్రూములో జారిపడితే తుంటి ఎముక విరిగింది. తిరుపతిలోనే ఆపరేషన్ చేసి తుంటి కీలులో ఉండే బంతి మార్చారు. ఆయనకు 78 ఏళ్ళు, షుగర్ ఉంది. ఆపరేషన్ బాగా జరిగిందనే డాక్టర్లు చెప్తున్నారు. నేనూ మా మరదలూ వంతులు వేసుకుని ఆయన దగ్గర ఉంటున్నాం.

ఇక్కడ వరండాలో కూర్చుంటే చాలా కనబడుతున్నాయి. తెల్లవారుజామున నేల తుడవడానికి వస్తారు. ఆ బకెట్ చప్పుడు వినగానే అందరూ లేచి చాపలు చుట్టేస్తారు. ఒక్క చార్జింగ్ ప్లగ్గు దగ్గర ఎన్నో ఫోన్లు, వాటికి కాపలాగా రైల్వేకోడూరు నుంచి వచ్చిన ఒక అబ్బాయి. ఎవరూ అడగకపోయినా ఆ పని వాడే పెట్టుకున్నాడు. తిరుత్తణి ఆవిడ అరవంలో మాట్లాడుతుంది, వెంకటగిరి ఆవిడ తెలుగులో జవాబిస్తుంది, ఇద్దరికీ అంతా అర్థమవుతుంది. లోపలినుంచి ‘ఫలానా పేషెంట్ తాలూకు ఎవరు?’ అని కేక వేస్తే చాలు, ఆ పేరు మనది కాకపోయినా అందరం తల ఎత్తుతాం.

అసలు నా బాధ వేరే. పగలు నాయన బాగానే ఉంటాడు. చీకటి పడితే నన్ను గుర్తుపట్టడం లేదు. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. రాత్రంతా మంచం మీద ‘పూతలపట్టు, గాదంకి, పనపాకం, చంద్రగిరి, తొండవాడ...’ అని స్టేజీలు పిలుస్తున్నాడు. నన్ను టికెట్ అడుగుతున్నాడు. సెలైన్ పైపు లాగేయబోయాడు. పడినప్పుడు తలకు దెబ్బ తగల్లేదని స్కానింగ్‌లో తేలింది. మరి ఎందుకిలా? ఇది ఇలాగే ఉండిపోతుందా? ఎవరికైనా ఇలా జరిగిందా?

పలమనేరు_పాలకేంద్రం
అక్కా, ధైర్యంగా ఉండు. మా చిన్నాయనకు కూడా ఆపరేషన్ అయిన రాత్రి ఇట్లే అయింది. ఆవులు తప్పిపోయినాయి, పోయి వెతకండి అని ఒకటే అరుపులు. తర్వాత తగ్గిపోయింది. ఇప్పుడు మళ్ళీ పాలు పితుకుతా ఉండాడు.

నైట్‌డ్యూటీ
నేను ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చాలా ఏళ్ళు చేశాను. మీ నాయనను నేను చూడలేదు కాబట్టి మామూలుగా జరిగేది చెప్తాను. మీరు మాత్రం ఈ విషయం రేపు రౌండ్స్‌లో డాక్టరుతో తప్పకుండా చెప్పండి. పగలు చూసే డాక్టరుకు రాత్రి సంగతి మీరు చెప్తేనే తెలుస్తుంది.

పెద్ద వయసువాళ్ళకు ఆపరేషన్ తర్వాత, అందులోనూ తుంటి ఎముక ఆపరేషన్ తర్వాత ఇలా అవడం చాలా మామూలు. డెలీరియం అంటారు. మన పెద్దవాళ్ళు సంధి మాటలు అనేది దీన్నే. పిచ్చి కాదు, మతిమరుపు జబ్బూ కాదు. ఉన్నట్టుండి మొదలవుతుంది, పగలు తగ్గుతుంది, రాత్రి ఎక్కువవుతుంది. నిద్ర లేకపోవడం, నొప్పి, మత్తుమందు, కొన్ని రకాల మాత్రలు, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం తగ్గడం, మూత్రంలోనో ఊపిరితిత్తుల్లోనో ఇన్‌ఫెక్షన్, మూత్రం బిగబట్టడం, విరేచనం కాకపోవడం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు, నాలుగైదు కలిసీ రావచ్చు. షుగర్ ఉంది కాబట్టి అది పడిపోయిందేమో కూడా చూస్తారు. డాక్టరు వెతికేది ఆ కారణం కోసమే. చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గుతుంది, కొందరికి వారాలు పడుతుంది.

మీరు చేయగలిగినవి చాలా ఉన్నాయి. ఆయనకు కళ్ళజోడు ఉందా? చెవి మిషన్ ఉందా? కట్టుడు పళ్ళు ఉన్నాయా? ఆపరేషన్‌కు తీసుకెళ్ళేముందు అవన్నీ తీసి ఇంటివాళ్ళకు ఇచ్చేస్తాం. తర్వాత అవి సంచిలోనే ఉండిపోతాయి. సరిగ్గా కనబడక, వినబడక, కొత్తచోట రాత్రి మెలకువ వచ్చిన మనిషి ఎక్కడున్నాననుకుంటాడు? డాక్టరును అడిగి అవి మళ్ళీ పెట్టండి. కనబడేచోట గడియారం పెట్టండి. పగలు కిటికీ తెరిచి వెలుతురు రానివ్వండి, మరీ ఎక్కువ నిద్రపోనివ్వకండి. ‘నాయనా, ఇది తిరుపతి ఆసుపత్రి, నీ కాలికి ఆపరేషన్ అయింది, నేను నీ కూతుర్ని’ అని నెమ్మదిగా, చిన్న చిన్న మాటల్లో, ఎన్నిసార్లయినా చెప్పండి. స్టేజీలు పిలుస్తుంటే ‘ఇది బస్సు కాదు’ అని వాదనకు దిగకండి. వాదిస్తే భయం పెరుగుతుంది. చేతులు కట్టేయమని మీరుగా అడగకండి. చెయ్యి పట్టుకుని కూర్చోండి.

తాతయ్యగుంట_పెద్దమ్మ
నైట్‌డ్యూటీ తల్లీ, నువ్వు చల్లగా ఉండాలి. మా ఆయనకు ఇలా అయినప్పుడు చెప్పేవాళ్ళు లేక గాలి సోకిందని తాయెత్తు కట్టించారు మా వాళ్ళు.

పూతలపట్టు అమ్మాయీ, గోవిందుడున్నాడు, భయపడకు. నువ్వు వేళకు తింటున్నావా లేదా? అది చెప్పు ముందు. తిరుపతిలో స్విమ్స్, రుయా, ప్రసూతి ఆసుపత్రుల్లో పేషెంట్లతో వచ్చినవాళ్ళకు టీటీడీ అన్నప్రసాదం పెడుతుంది. మొహమాటపడి కొందరు క్యూలో నిలబడరు. అది స్వామి ప్రసాదం. ఉన్నవాళ్ళయినా లేనివాళ్ళయినా తినొచ్చు. కళ్ళు తిరిగి నువ్వు పడిపోతే మీ నాయనను చూసేదెవరు?

కాట్పాడి_పాసింజర్
మాది చిత్తూరు. మా అమ్మ కిడ్నీ జబ్బుకు వేలూరు సీఎంసీలో చూపించాం. చిత్తూరు నుంచి ఓ 35 కిలోమీటర్లే కాబట్టి మా పక్క ఊళ్ళవాళ్ళు చాలామంది అక్కడికే పోతారు. పాకాల మీదుగా కాట్పాడి పోయే రైల్లో కాసేపు కూర్చుంటే పెద్ద కవర్లలో ఎక్స్‌రేలు ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళు ఎంతమందో కనబడతారు. ఒకరి కవరు చూసి ఇంకొకరు ‘ఏ డిపార్ట్‌మెంట్?’ అని మాట కలుపుతారు. ఆసుపత్రి చుట్టుపక్కల బోర్డులు బెంగాలీలో కూడా ఉంటాయి. కలకత్తా వైపునుంచి వచ్చినవాళ్ళు లాడ్జిలో గదీ, స్టవ్వూ అద్దెకు తీసుకుని వండుకుంటూ నెలలు గడుపుతారు. బిడ్డకు వైద్యం చేయించడానికి అంత దూరం నుంచి వచ్చిన ఒక నాన్న మా అమ్మకు రోజూ చేత్తో నమస్కారం పెట్టేవాడు. ఇద్దరికీ ఒక భాష లేదు.

నేను గమనించింది ఒకటి చెప్తాను, ఇది అందరికీ పనికొస్తుంది. ఆసుపత్రి గేటు బయట కొబ్బరిబోండాల బండి ఉంటుంది. చూడటానికి వచ్చినవాళ్ళు అక్కడ బోండాం కొట్టించుకుని ప్రేమగా లోపలికి తెస్తారు. కిడ్నీ పేషెంట్లకు కొబ్బరినీళ్ళు మంచివి కావు. వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. డాక్టరు చెప్పేదాకా మాకూ తెలియదు. డయాలసిస్ వార్డులో మా అమ్మ పక్క మంచం ఆయనకు బావమరిది బోండాం తెస్తే, అమ్మ పడుకునే చెయ్యి అడ్డం పెట్టి ‘వద్దు నాయనా, సిస్టరును అడుగు ముందు’ అంది.

ఇంకోటి, డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేస్తారు కదా, ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, సూది వేయకూడదు. వేరే వార్డులో కొత్తవాళ్ళు వస్తే మేమే ముందు చెప్పేవాళ్ళం. అమ్మకు దాహం బాగా వేసేది. నీళ్ళు లెక్కగా ఇవ్వాలి. చిన్న మంచుముక్క నోట్లో పెట్టుకోమని అక్కడి సిస్టర్ చెప్పింది. ఆ ఒక్క ముక్కతో ఎంతసేపు ఓర్చుకునేదో.

అమ్మ ఇప్పుడు లేదు. ఇవన్నీ గుర్తొచ్చి రాశాను.

పూతలపట్టు_అమ్మాయి
అన్నా, అమ్మ గురించి చదివి మనసు ఎలాగో అయిపోయింది. ఇంత బాధలో ఉండి కూడా మాకోసం రాశారు.

నైట్‌డ్యూటీ అక్కా, కళ్ళజోడు, చెవి మిషన్ రెండూ మరదలి సంచిలోనే ఉన్నాయి. ఆపరేషన్‌కు పంపేటప్పుడు సిస్టర్ తీసిచ్చారు. పొద్దున్నే డాక్టరును అడిగి పెట్టేస్తాను. పెద్దమ్మా, ఇప్పుడే తిన్నాను.

మంచంమీద_నుంచి
మీరంతా పక్కన కూర్చున్నవాళ్ళ సంగతి రాస్తున్నారు. నేను పడుకున్నవాణ్ణి. బండి మీద పోతుంటే లారీ తగిలి ఐసీయూలో ఉన్నాను. మాట్లాడలేను, గొంతులో పైపు. కానీ చాలాసేపు నాకు వినబడేది.

మా బంధువులు నా కాళ్ళ దగ్గర నిలబడి ఏ పొలం అమ్మాలి, ఎవరి దగ్గర వడ్డీకి తేవాలి అని మాట్లాడుకున్నారు. నా మీద ప్రేమతోనే. ఆ మాటలు వింటూ నేను చెయ్యి కదపలేక పడిన బాధ ఆ గాయాల కంటే ఎక్కువ. డబ్బు మాటలు వరండాలో మాట్లాడుకోండి. మంచం దగ్గర వద్దు. కళ్ళు మూసుకున్నంత మాత్రాన మనిషి లేడని కాదు.

బాగా గుర్తున్నది మా చెల్లెలు. రోజూ వచ్చి ఇంట్లో ఏం జరిగిందో చెప్పేది. ఈరోజు ఊరిబిండి నూరాను, కారం ఎక్కువైంది. పక్కింటివాళ్ళ కుక్క పిల్లల్ని పెట్టింది. చింతచెట్టు దులిపించాం. అంతే, ఇలాంటివే. ‘నీకేమీ కాదు, ధైర్యంగా ఉండు’ అని వచ్చినవాళ్ళందరూ చెప్పేవాళ్ళు. అది వింటే నాకేదో అయిందనే భయం పట్టుకునేది. చెల్లెలి మాటలు వింటే ఇల్లు అక్కడే ఉంది, నేను పోవాల్సి ఉంది అనిపించేది.

పూతలపట్టు అక్కా, మీ నాయన స్టేజీలు పిలుస్తున్నాడంటే ఆయనకు దారి తెలుస్తూనే ఉంది. ఆ బస్సుల కబుర్లే పగలు ఆయనతో మాట్లాడండి.

కువైట్_పీలేరు
ఇది చదివి నిద్ర పట్టలేదు. మాది పీలేరు పక్కన. నేను కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తాను. మా అమ్మకు పక్షవాతం వచ్చి తిరుపతిలో ఉంది. నా భార్య, అక్క చూసుకుంటున్నారు. నేను ఫోన్‌లో చూడటమే. సిగ్నల్ సరిగా రాదు, అమ్మ ముఖం సగమే కనబడుతుంది. లోపలికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. డాక్టరుతో నేనే మాట్లాడతానంటే ‘ఇక్కడ ఉన్నవాళ్ళతోనే మాట్లాడతాం’ అంటున్నారు. డబ్బులు పంపేది నేను. ఏం జరుగుతోందో నాకు చెప్పరా?

తిరుచానూరు_రోడ్
అన్నా, ఈ మాట మీకు కష్టంగా ఉంటుందేమో, అయినా చెప్తాను. మా అత్తగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు దూరాన ఉన్న మా బావగారు రోజూ ఫోన్ చేసి ‘ఆ టెస్టు ఎందుకు చేయించలేదు, ఈ డాక్టరు ఎందుకు, చెన్నై తీసుకుపోండి’ అని అరిచేవారు. రాత్రంతా మెలకువగా ఉండి అత్తగారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి, పొద్దున్నే బిల్లు కౌంటర్ దగ్గర నిలబడిన నా భర్త ఆ మాటలు పడేవాడు. ఎదురు చెప్పేవాడు కాదు. ఫోన్ పెట్టేశాక గోడవైపు తిరిగి కూర్చునేవాడు. దగ్గర ఉన్నవాళ్ళకు కావలసింది ప్రశ్నలు కాదన్నా. ‘నువ్వు నిద్రపోయావా?’ అని ఒక్కసారి అడిగితే చాలు.

కువైట్_పీలేరు
అమ్మా, మీరు చెప్పింది చదివి నా భార్యకు ఫోన్ చేసి అదే అడిగాను. మాట్లాడలేదు, ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. లైన్‌లోనే ఉన్నాను.

కానీ మా వైపు కూడా అర్థం చేసుకోండి. ఇక్కడ డ్యూటీలో ఉంటే ఫోన్ మోగిందంటే గుండె ఆగినంత పనవుతుంది. అందుకే ముందుగా మేమే చేసి అడుగుతాం, అడిగేది గట్టిగా వస్తుంది. అరుపు కాదమ్మా అది. టెన్షన్.

నైట్‌డ్యూటీ
తమ్ముడూ, ఒక ఉపాయం చెప్తాను. డాక్టరుతో మాట్లాడేది ఎవరో ఒక్కరే అని ఇంట్లో తీర్మానం చేసుకోండి, మీ భార్యో అక్కో. మీకున్న అనుమానాలన్నీ ఆమెకు ముందురోజు రాత్రి రాసి పంపండి, నాలుగుకు మించకుండా. ఆమె రౌండ్స్‌లో అడిగి, జవాబు అప్పుడే కాగితం మీద రాసుకుని మీకు పంపుతుంది. నలుగురు నాలుగు సార్లు అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో ముక్క అర్థమై ఇంట్లో గొడవలవుతాయి. ఇది నేను ఎన్నో కుటుంబాల్లో చూశాను.

డ్యూటీ మారే వేళ, అంటే పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఒకరినుంచి ఒకరు పేషెంట్ల సంగతులు అప్పజెప్పుకునే కాసేపు, అత్యవసరం కాకపోతే మమ్మల్ని అడగకండి. ఆ సమయంలో ఒక్క మాట తప్పిపోయినా అది పేషెంటుకే నష్టం. అది అయ్యాక అడగండి, కొత్తగా వచ్చిన సిస్టర్ ఓపికగా చెప్తుంది.

మీ అమ్మగారికి మింగడం వచ్చిందా? పక్షవాతం వచ్చినవాళ్ళకు ముందు మింగే శక్తి పరీక్ష చేస్తారు. ఆ పరీక్ష చేయకముందే ఇంటివాళ్ళు జాలిపడి ఇడ్లీముక్కో, నీళ్ళో నోట్లో పెడితే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ‘నోటిద్వారా ఏమీ ఇవ్వరాదు’ అని బోర్డు పెట్టేది అందుకే. ముక్కులో పైపు ద్వారా పోస్తున్నట్టయితే తలవైపు ఎత్తుగా పెట్టి పోయాలి, పోశాక కాసేపు అలాగే ఉంచాలి.

కువైట్_పీలేరు
ముక్కు పైపే అక్కా. మొన్న మా మేనత్త అర్ధగిరి ఆంజనేయస్వామి తీర్థం తెచ్చి తాగించాలంటే మా అక్క వద్దంది. మేనత్తకు కోపం వచ్చింది. ఇప్పుడు నేను ఆమెకు చెప్తాను.

తాతయ్యగుంట_పెద్దమ్మ
నాయనా, అరగొండ కొండమీది తీర్థం నేనూ ఎన్నోసార్లు తెచ్చుకున్నాను. నమ్మకం ఉంది. మింగలేని మనిషికి తల మీద చల్లితే చాలు, నోట్లో పోయాలని లేదు. మీ మేనత్తకు నా మాటగా చెప్పు.

మొక్కుల గురించి కూడా ఒక మాట. తుంటి ఆపరేషన్ అయినవాళ్ళ పేరు మీద ‘నయమైతే నడిచి కొండెక్కుతాడు’ అని మొక్కుకోకండి. అలిపిరి దారిలో 3,550 మెట్లు. వాళ్ళు ఎక్కలేరు, మొక్కు తీరలేదని లోలోపల కుములుతారు. నేను మా ఆయన కోసం మొక్కుకుంది నా నడక. ఆయన్ను బస్సులో తీసుకెళ్ళాం, 65 దాటినవాళ్ళకు టీటీడీ వేరే దర్శనం ఇస్తుంది కాబట్టి అందులో పంపాం. ముడుపు కట్టినా సరే, ఆయన ఒంటికి భారం కానిదే మొక్కుకో తల్లీ.

పలమనేరు_పాలకేంద్రం
అక్కా, తుంటి ఎముక అంటున్నారు కదా, ఎవరూ పుత్తూరు కట్టుకు పొమ్మనలేదా? మా ఊర్లో చెయ్యి విరిగితే అందరూ ఆడికే పోతారు.

పూతలపట్టు_అమ్మాయి
అన్నారు తమ్ముడూ, మా పెదనాయన గట్టిగా పట్టుబట్టాడు. ఆయనకు చిన్నప్పుడు ముంజేయి విరిగితే పుత్తూరు దగ్గర పసరు పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టారంట, చక్కగా అతుక్కుంది. కానీ డాక్టరు కూర్చోబెట్టి చెప్పారు. తుంటి ఎముక తల దగ్గర విరిగితే దానికి రక్తం అందదు, కట్టు కట్టినా అతుకు పడదు. నెలల తరబడి మంచం మీదే ఉంటే పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాళ్ళలో రక్తం గడ్డ కడుతుంది. అందుకే పెద్దవాళ్ళకు వీలైనంత త్వరగా ఆపరేషన్ చేసి నిలబెట్టాలి అన్నారు. పెదనాయన అంతా విని ‘అట్లయితే చెయ్యండి’ అన్నాడు.

తిరుచానూరు_రోడ్
రక్తం గడ్డ అన్నారు కదా, దాని గురించే. మా అత్తగారికి ఆపరేషన్ తర్వాత ఒక పిక్క మాత్రమే వాచింది. మేం రోజూ చూస్తున్నాం కాబట్టి మాకు తేడా తెలియలేదు. పక్క మంచం ఆవిడకు తోడుగా వచ్చిన చెల్లెలు కుప్పం నుంచి, చదువు లేదు, ఆమె చూసి ‘ఏమమ్మా, ఈ కాలు ఆ కాలు మాదిరి లేదే’ అంది. సిస్టరుకు చెప్పాం. స్కానింగ్ చేస్తే గడ్డ ఉందని తేలింది, వెంటనే మందు మొదలుపెట్టారు. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పని తర్వాత చెప్పారు. కాబట్టి రోజూ ఒళ్ళు తుడిచేటప్పుడు రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూడండి. మడమలు, నడుము కింద భాగం ఎర్రబడ్డాయేమో చూడండి. పుండు అక్కడే మొదలవుతుంది. చూసింది వెంటనే చెప్పండి, ఇంత చిన్నదానికి ఏం చెప్తాంలే అని ఆగకండి.

కాట్పాడి_పాసింజర్
అవును. మేం ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాం. అమ్మ ఎన్ని నీళ్ళు తాగింది, ఎంత మూత్రం వచ్చింది, ఎప్పుడు జ్వరం వచ్చింది, ఏ మాత్ర వేస్తే వాంతి అయింది. డాక్టరుగారు రాగానే మొదట ఆ పుస్తకం అడిగేవారు. ఎవరు రాస్తే వాళ్ళ చేతిరాత. మా నాన్న రాసిన పేజీల్లో ‘ఈరోజు నవ్వింది’ అని కూడా ఉంది.

నైట్‌డ్యూటీ
అది కూడా మాకు పనికొచ్చే సమాచారమే, నిజంగా. మనిషి తీరు ఇంటివాళ్ళకు తెలిసినంత మాకు తెలియదు. ‘ఈరోజు మా అమ్మ ఎప్పటిలా లేదు, ఏదో తేడాగా ఉంది’ అని ఒక తల్లి తాలూకు మనిషి చెప్తే నేను ఎప్పుడూ తీసిపారేయలేదు. వెళ్ళి బీపీ, జ్వరం, ఆక్సిజన్, షుగర్ అన్నీ చూస్తాను. మిషన్లో తేడా కనబడేలోపే ఇంటివాళ్ళకు తెలిసిపోయిన సందర్భాలు చాలా చూశాను.

మిషన్ గురించి అడుగుతారని ముందే చెప్తున్నాను. అలారం మోగిన ప్రతిసారీ భయపడకండి. వేలికి పెట్టిన క్లిప్పు జారినా, చెయ్యి చల్లబడినా, గోళ్ళకు రంగు ఉన్నా ఆక్సిజన్ అంకె పడిపోయినట్టు చూపిస్తుంది. ముందు మనిషి ముఖం చూడండి, ఊపిరి చూడండి, మమ్మల్ని పిలవండి. మామూలుగా 95 పైన ఉండాలి. బీడీలు కాల్చి ఊపిరితిత్తులు పాడైన కొందరికి 88 నుంచి 92 చాలని డాక్టర్లే పెడతారు. పక్క మంచం అంకెతో పోల్చుకుని ఆక్సిజన్ మీరే పెంచకండి.

పూతలపట్టు_అమ్మాయి
అందరికీ ఒక మంచి మాట చెప్పాలని వచ్చాను. డాక్టరుగారికి రాత్రి సంగతి చెప్తే రక్తపరీక్షలు చేయించారు. సోడియం తగ్గిందని తేలింది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా ఉంది. మందులు మార్చారు. కళ్ళజోడు, చెవి మిషన్ పెట్టాం. చెవి మిషన్ పెట్టగానే ‘ఎందుకు అందరూ గుసగుసలాడుతున్నారు ఇన్నాళ్ళూ?’ అని అడిగాడు నాయన. మరదలు బజారుకు పోయి పెద్ద అంకెల గడియారం తెచ్చింది. మంచాన్ని కిటికీ వైపుకు జరిపించారు, అక్కడినుంచి కొండ కనబడుతుంది.

మంచంమీద_నుంచి తమ్ముడు చెప్పినట్టు పగలంతా బస్సుల కబుర్లే పెట్టాను. గంగమ్మ జాతరకు ఎంత జనం ఎక్కేవాళ్ళు, కాణిపాకం పోయేవాళ్ళు ఎక్కడ దిగి ఏ బండి పట్టుకునేవాళ్ళు, చిల్లర లేదంటే ఏం చేసేవాడు. అన్నీ చెప్పాడు. ఒక ముసలావిడ రోజూ తిరుపతిలో పూలమ్ముకోవడానికి ఆయన బస్సులో వచ్చేదంట, టికెట్ డబ్బులు తక్కువైతే ఈయన వేసేవాడంట. ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు ఈ సంగతి. మా అమ్మకు కూడా తెలియదు.

రాత్రి ఒకసారి ‘చంద్రగిరి’ అని పిలిచాడు. నేను చెయ్యి పట్టుకుని ‘నాయనా, డ్యూటీ అయిపోయింది, డిపోకు వచ్చేశాం, పడుకో’ అన్నాను. పడుకున్నాడు. నైట్‌డ్యూటీ అక్కా, ఇలా చెప్పొచ్చా? తప్పా?

నైట్‌డ్యూటీ
తప్పేం లేదు. భయం తగ్గింది కదా. మెలకువగా, నెమ్మదిగా ఉన్నప్పుడు మాత్రం ఇది ఆసుపత్రి అని మామూలుగా చెప్తూ ఉండండి. నడిపించారా?

పూతలపట్టు_అమ్మాయి
ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి వాకర్‌తో నిలబెట్టింది. నాలుగడుగులు వేశాడు. నొప్పికి పళ్ళు బిగబట్టాడు కానీ కూర్చోమంటే కూర్చోలేదు. వరండాలో చాపల మీద ఉన్నవాళ్ళందరూ చూస్తున్నారు. తిరుత్తణి ఆవిడ చప్పట్లు కొట్టింది. ఆవిడ భర్త ఇంకా లోపలే ఉన్నాడు.

ఇంకో రెండు రోజుల్లో ఇంటికి పంపుతామన్నారు. ఆరోగ్యశ్రీ కింద చేయించాం, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఆరోగ్యమిత్ర కాగితాలన్నీ దగ్గరుండి చూసుకున్నాడు. ఇంటికి పోయాక ఏం సిద్ధం చేసుకోవాలి? మాది పాత ఇల్లు, గడప ఎత్తు, బాత్రూము పెరట్లో, కింద కూర్చునే దొడ్డే ఉంది.

నైట్‌డ్యూటీ
డిశ్చార్జి కాగితంలో పాత మాత్రల్లో ఏవి కొనసాగించాలి, ఏవి ఆపాలి అన్నది విడిగా అడిగి రాయించుకోండి. షుగర్ మాత్రలు ముఖ్యంగా. కుట్లు తీయడానికి ఎప్పుడు రావాలో అడగండి. కింద కూర్చోవడం, బాసింపట్టు, కాలు మీద కాలు వేసుకోవడం ఇవన్నీ వద్దంటారు, మార్చిన బంతి జారే ప్రమాదం ఉంటుంది. పడుకున్నప్పుడు రెండు కాళ్ళ మధ్య దిండు. తక్కువ ఎత్తు కుర్చీ, నులకమంచం వద్దు. కింద కూర్చునే దొడ్డి అసలు వద్దు, కమోడ్ కుర్చీ కావాలి.

పలమనేరు_పాలకేంద్రం
రాత్రిళ్ళు బాత్రూముకు పోయే దారిలో లైటు పెట్టండక్కా. తడి లేకుండా చూసుకోండి. గోనెసంచి కాదు, జారని పట్టా వేయండి. మా చిన్నాయన రెండోసారి పడింది గోనె మీద కాలు జారే.

ఆవులు ఉంటే ఇంకెవరినైనా చూసుకోమని చెప్పండి. మేం ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ పక్కింటాయనే పాలు పితికి, సొసైటీలో మా పేరు మీదే పోశాడు. వచ్చినాక లెక్క అప్పజెప్పాడు.

కాట్పాడి_పాసింజర్
చెల్లీ, అమ్మ వాడిన కమోడ్ కుర్చీ మా ఇంట్లో ఉంది. గట్టిగా ఉంది, కాళ్ళకు రబ్బర్లు కూడా కొత్తవే. చిత్తూరు నుంచి మీకు దగ్గరే. కొనకండి. ఎవరైనా వచ్చి తీసుకుపోండి. వాకర్ కూడా ఉంది, కావాలంటే అది కూడా.

పూతలపట్టు_అమ్మాయి
అన్నా, వాకర్ ఇక్కడ ఇచ్చారు. కుర్చీ మాత్రం తీసుకుంటాం. ఆదివారం పొద్దున మా తమ్ముడు ఆటో మాట్లాడుకుని వస్తాడు. అడ్రసు నాకు విడిగా పంపండి. మీ నాన్నగారు ఇంట్లోనే ఉంటారా? మా పెరట్లో మామిడికాయలు దిగాయి, తమ్ముడితో పంపిస్తాను.

కాట్పాడి_పాసింజర్
ఉంటారు. తొమ్మిది లోపల రమ్మను, తర్వాత ఆయన గుడికి పోతారు.